చామంతికి దీపం పెట్టాను

మూడేళ్ల కిందట జూన్ నెలలో మా అమ్మ ఒక చామంతి పిలకను తడిగుడ్డలో చుట్టి, పైన అరిటాకు ముక్క కప్పి నా చేతిలో పెట్టింది. రాజమండ్రి నుంచి హైదరాబాదు దాకా రాత్రంతా రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. ఆ మొక్కను రెండేళ్లపాటు నా చేతులతో నేనే పూయనివ్వలేదు. నా సలహా విని ఇంకో ముగ్గురు కూడా తమ మొక్కలను పూయనివ్వలేదు. అందుకే ఇది రాయాల్సి వచ్చింది.

అది నాటు చామంతి. పువ్వు రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దది, అంతే. ముదురు పసుపు. కొత్తగా విప్పారినప్పుడు నడిమధ్యన శనగగింజంత లేతాకుపచ్చ చుక్క ఉంటుంది. రెండు మూడు రోజులకు అదీ పసుపులోకి తిరుగుతుంది. ఆకు నలిపితే ముక్కుపుటాలకు తగిలే ఘాటు. పండగ పూట గుమ్మం దగ్గర నిలబడితే వచ్చే వాసన అదే. అమ్మ కాపురానికి వచ్చిన ఏడాది పుట్టింటి దొడ్లోంచి తెచ్చుకుంది. పూలు అయిపోయాక కాడలను జానెడు ఎత్తున కోసేస్తుంది. అడుగున పిలకలు లేస్తాయి. తొలకరికి వాటిని వేరుతో సహా విడదీసి మళ్లీ పెడుతుంది. యాభై ఏళ్లకు పైగా అలా నడుస్తోంది. విత్తనం వేసి పెంచిన మొక్క అయితే తల్లి వేరు, పిల్ల వేరు. ఇది అలా కాదు. మా అమ్మమ్మ నీళ్లు పోసిన మొక్కే ఇప్పటికీ అమ్మ దొడ్లో ఉంది. ఆ మాట నాకు బాగా తెలుసు. తెలిసి కూడా ఆ పని చేశాను.

బయల్దేరేటప్పుడు అమ్మ మూడే మాటలు చెప్పింది. “దొడ్డివైపు పెట్టుకోవే. నెల తిరిగాక తల గిల్లు, పక్క కొమ్మలు వేస్తుంది. వినాయకచవితి దాటాక మాత్రం గిల్లకు.” నేను రెండో మాటా మూడో మాటా విన్నాను. మొదటిది వినలేదు.

వినకపోవడానికి నాకో కారణం ఉంది. చాలా ఏళ్ల కిందట బెంగళూరు నుంచి రాత్రి బస్సులో వస్తున్నాను. చిక్కబళ్లాపురం దగ్గర కిటికీలోంచి చూస్తే పొలాలనిండా బల్బులు. తీగలు లాగి, వరస వరసకీ బల్బులు వేలాడదీసి ఉన్నాయి. ఏదో జాతర అనుకున్నాను. పక్కసీటు ఆవిడ చెప్పింది, చామంతి తోటలకు రైతులు రాత్రిపూట లైట్లు పెడతారని. ఎందుకు పెడతారో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. అడగాల్సిన అవసరం నాకు కనిపించలేదు. ముప్పై ఏళ్లు సైన్సు పాఠం చెప్పినదాన్ని. ఆకు వెలుతురులో అన్నం వండుకుంటుందని బోర్డు మీద ఎన్నిసార్లు బొమ్మ గీశానో లెక్కలేదు. వెలుతురు ఎక్కువైతే ఆహారం ఎక్కువ, ఆహారం ఎక్కువైతే పూలు ఎక్కువ. నాకు నేనే అలా జవాబు చెప్పుకుని, ఆ జవాబును ఏళ్ల తరబడి దాచుకున్నాను.

అందువల్ల అమ్మ ఇచ్చిన మొక్కను దొడ్డివైపు పెట్టలేదు. వీధి వరండాలో, గోడకున్న ట్యూబులైటు కింద పెట్టాను. అది చాలదనిపించి రెండో నెలలో 20 వాట్ల ఎల్‌ఈడీ బల్బు తెప్పించి సరిగ్గా కుండీ నెత్తిన బిగించాను. సాయంత్రం దీపాలవేళ వేస్తే మళ్లీ తెల్లవారి పాలు వచ్చాకే ఆపేదాన్ని. మావారు రెండుసార్లు అడిగారు, రాత్రంతా లైటు దేనికని. “మీకు తెలీదు, ఊరుకోండి” అన్నాను. ఆ మాట అన్న తీరు కూడా నాకు గుర్తుంది.

మొక్క బ్రహ్మాండంగా పెరిగింది. అదే నన్ను మరింత మోసంలో పడేసింది. ఆగస్టుకల్లా కుండీ నిండిపోయి, ఆకులు నా అరచేయంత వెడల్పున నల్లగా నిగనిగలాడాయి. వచ్చినవాళ్లంతా ఏం వేస్తున్నావని అడిగేవాళ్లు. లైటు సంగతి చెప్పేదాన్ని. మా వరసలో ఇద్దరు, ఎదురు వరసలో ఒకరు, తమ చామంతులను కూడా లైటు కిందికి మార్చారు.

అక్టోబరు వచ్చింది, మొగ్గ లేదు. నవంబరు వచ్చింది, లేదు. రోజూ పొద్దున్నే కళ్లజోడు పెట్టుకుని ఒక్కో కొమ్మ చివర విడదీసి చూసేదాన్ని. మొగ్గ వచ్చేటప్పుడు కొసన చిన్న ఆవగింజలాంటి గట్టిదనం వేలికి తగులుతుంది. నా వేలికి తగిలినవన్నీ మెత్తటి ఆకు చిగుళ్లే. మొక్కకు ఆకలేస్తోందనుకున్నాను. గుప్పెడు యూరియా వేశాను. నత్రజని వేస్తే ఆకే వస్తుంది, పువ్వు రాదు. అది కూడా నేను పాఠంలో చెప్పిన ముక్కే. ఆకు ఇంకా ముదిరింది, కొమ్మలు మెత్తబడి వాలిపోయాయి. లేత ఆకుల అడుగున పేనుబంక పట్టింది. వేపనూనె కొట్టాను. ఈ పనులన్నీ రాత్రిపూట, ఆ బల్బు వెలుతురులోనే చేసేదాన్ని.

ఆ సంక్రాంతికి మోకాళ్ల నొప్పులవల్ల ఊరు వెళ్లలేకపోయాను. భోగినాడు అమ్మ వీడియోలో మాట్లాడుతూ, “చామంతి పూసిందా?” అని అడిగింది. అంతకుముందు రోజు గుడిమల్కాపూర్ మార్కెట్‌లో అరకిలో చామంతి కొన్నాం. బుట్టలోంచి దోసెడు తీసి ఫోను ముందు పెట్టి, “ఇదిగో అమ్మా, ఎన్ని పూశాయో చూడు” అన్నాను. అమ్మ కాసేపు చూసింది. “బాగున్నాయే” అంది. తర్వాత గొబ్బెమ్మల మీదికి గుమ్మడిపూలు దొరికాయా లేదా అని మాట మార్చింది.

ఎనభై ఏళ్ల తల్లికి ఒక పువ్వు గురించి అబద్ధం చెప్పాను. అప్పుడు నాకది పెద్ద సంగతిగా తోచలేదు. ఫోను పెట్టేసి గొబ్బెమ్మలు పెట్టుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ ఒక్క క్షణం “పూయలేదమ్మా” అని ఉంటే అమ్మ “ఎక్కడ పెట్టావు?” అని అడిగేది. రెండు నిమిషాల్లో తేలిపోయేది. తెలీదని ఒప్పుకోలేక ఇంకో ఏడాది పోగొట్టాను.

రెండో ఏడు మళ్లీ అదే బల్బు, అదే జాగ్రత్తలు. మట్టి మార్చాను, కుండీ మార్చాను, వానపాముల ఎరువు తెప్పించాను. చోటు మాత్రం మార్చలేదు. మళ్లీ ఆకులే. సంక్రాంతి వెళ్లిన వారానికి నాకు విసుగూ కోపమూ ముంచుకొచ్చి మొక్కను వేళ్లతో పెళ్లగించి, చెత్తబండిలో వేసెయ్యమని మా ఇంట్లో పనిచేసే ఆమెకు చెప్పాను. అమ్మ యాభై ఏళ్లకు పైగా చావకుండా కాపాడుకున్నదాన్ని నేను పది నిమిషాల్లో గుమ్మం బయట పడేశాను.

ఆమె పడెయ్యలేదు.

పదకొండు నెలలు గడిచాయి. డిసెంబరులో ఒక పొద్దున కవరులో పూలు తెచ్చి పూజగది గట్టుమీద పెట్టింది. “అమ్మా, మీ చెట్టు పూలే. మొదటి కోత మీకు ఇద్దామని తెచ్చాను” అంది. నేను ఒక పువ్వు తీసి చూశాను. నడిమధ్యన లేతాకుపచ్చ చుక్క. రేకు నలిపాను. అమ్మ దొడ్డి వాసన. నాకు నోట మాట రాలేదు. ఆమె నా ముఖం చూసి, అడక్కుండా తీసుకెళ్లినందుకు కోపగించుకున్నానేమో అని కంగారుపడింది. ఆ కంగారు చూసి నేను మరింత సిగ్గుపడ్డాను.

ఆ సాయంత్రం ఆమెతో వాళ్లింటికి వెళ్లాను. కడుతున్న అపార్టుమెంటు వెనక, వాచ్‌మన్ కుటుంబాలకిచ్చిన గదుల్లో ఒకటి వాళ్లది. గది వెనక నీళ్ల తొట్టి, తొట్టి పక్కన పాత రంగు డబ్బా, అడుగున మేకుతో కొట్టిన రంధ్రాలు. అందులో మొక్క మోకాలెత్తు కూడా లేదు. ఆకులు నా మొక్క ఆకుల్లో సగం లేవు. కాని కొమ్మ కొమ్మకీ మొగ్గలు, గుత్తులు గుత్తులుగా. ఏం వేస్తున్నావని అడిగితే బియ్యం కడిగిన నీళ్లు అంది. పగలంతా ఎండ పడుతుందట. ఆరున్నరయ్యేసరికి అక్కడ నా చెయ్యి నాకు కనపడలేదు. ఫోను వెలిగించి మొక్క మీద వేసి చూశాను. అప్పుడు కూడా నాకు వెలగలేదు, ఆ చీకటే అసలు సంగతని.

తెలిసింది జనవరిలో, ఊరు వెళ్తూ కడియపులంకలో ఆగినప్పుడు. ఆ నర్సరీలు చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. సంక్రాంతి ముందు రోడ్డుకి ఇటూ అటూ చామంతి కుండీలు పరిచినట్టుంటాయి. ఒక నర్సరీలో పెద్దాయనకు నా కథంతా చెప్పాను, ఎరువుల పేర్లతో సహా. ఆయన ఎరువుల గురించి ఒక్కటీ అడగలేదు. “రాత్రిపూట దానిమీద లైటు పడుతుందాండీ?” అన్నాడు. పడుతుందన్నాను. “తెల్లార్లూనా అండీ?” అన్నాడు. అవునన్నాను. “ఇంకేం పూస్తాదండీ, దానికి రాత్రి కావాలి” అన్నాడు. మరి చిక్కబళ్లాపురం రైతులు బల్బులు ఎందుకు పెడతారన్నాను. “అది పూయకుండా ఆపడానికండీ” అన్నాడాయన.

నిలబడ్డచోటే ఉండిపోయాను. పిలక నాటిన తర్వాత కాడ ఎదగకముందే మొగ్గ వేసేస్తే పువ్వు కోతకు పనికిరాదు. అందుకని కొన్ని వారాలు రాత్రి లైట్లు వేసి మొక్కను ఎదగనిస్తారు. కాడలు తగినంత సాగాక లైట్లు ఆపేస్తారు. ఆపిన తర్వాతే మొగ్గ కడుతుంది. ఏ పండక్కి పూలు కావాలో లెక్కేసుకుని ఆ లైట్లు ఏరోజు ఆపాలో నిర్ణయించుకుంటారు. నేను వాళ్ల పనిలో సగమే చూశాను. లైటు వెయ్యడం చూశాను, ఆపడం చూడలేదు.

ఇంటికి తిరిగొచ్చాక నా పాత వృక్షశాస్త్రం పుస్తకాలు కిందికి దించాను. అంతా అందులోనే ఉంది. డిగ్రీలో చదివి, పరీక్ష రాసి, మర్చిపోయిన పాఠం. 1920లో గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు ఒక పొగాకు రకం మీద చేసి ప్రకటించిన పని. ఆ పొగాకు వేసవంతా మనిషిని మించి పెరిగేది కాని పూసేది కాదు. రోజూ పెందరాళే చీకటి గదిలోకి మార్చి పగలు తగ్గిస్తే వేసవిలోనే పూసింది. మొక్కలు పగలు ఎంత ఉందో, రాత్రి ఎంత ఉందో కొలుచుకుంటాయని లోకానికి అలా తెలిసింది. 1938లో హామ్నర్, బానర్ మన చేలగట్ల మీద మొలిచే మరులమాతంగి జాతి మొక్క మీద చూస్తే, అది నిజానికి కొలిచేది పగటిని కాదు, రాత్రిని అని తేలింది. పొడుగాటి రాత్రి మధ్యలో కాసేపు దీపం చూపించినా చాలు, అది ఆ రాత్రిని రాత్రిగా లెక్కపెట్టదు.

చామంతి ఆ కోవలోదే. మన దగ్గర జూన్‌లో పగలు 13 గంటలు దాటుతుంది. సెప్టెంబరు చివరికి రాత్రీ పగలూ సమానమవుతాయి, డిసెంబరుకి రాత్రి దాదాపు 13 గంటలవుతుంది. రాత్రులు అలా సాగుతుంటే చామంతి ఆకు పెంచడం తగ్గించి మొగ్గ కడుతుంది. దీపావళి దాటాక సంక్రాంతి దాకా మన ముంగిళ్లలో చామంతులు ఉండటానికి కారణం చలి ఒక్కటే కాదు, ఈ లెక్క. నా మొక్కకు రెండేళ్లలో ఒక్క రాత్రి కూడా రాలేదు. అది జూన్‌లోనే ఉండిపోయింది.

నన్ను ఎక్కువ బాధపెట్టింది మరొకటి. ఆ రాత్రిని మొక్క ఎక్కడ చూస్తుంది? 1930లలో సోవియట్ దేశంలో చైలఖ్యాన్ అనే శాస్త్రవేత్త దీన్ని చామంతి మీదే పరీక్షించాడు. పైకొమ్మ ఆకులు తీసేసి, కింది ఆకులకు మాత్రం పొడుగాటి రాత్రి ఇచ్చాడు. పైకొస మీద ఎక్కువసేపు వెలుతురు పడుతున్నా అక్కడ మొగ్గ కట్టింది. అంటే రాత్రి వచ్చిందని తెలుసుకునేది ఆకు. అక్కడినుంచి ఏదో కబురు కొసకు చేరుతుంది. ఆ కబురుకే ఆయన ఫ్లోరిజెన్ అని పేరు పెట్టాడు. నేను ప్రతి రాత్రీ తడిగుడ్డతో ఏ ఆకులను తుడిచి మెరిపించేదాన్నో, ఆ ఆకులే చీకటికోసం ఎదురుచూశాయి. వాటి నెత్తిన నేను బల్బు వేలాడదీశాను.

ఆ జనవరిలోనే, ఊళ్లో, అమ్మ పక్కన కూచుని అంతా చెప్పాను. బల్బూ, పెళ్లగించడం, పనామె కాపాడటం, చివరికి ఫోనులో చూపించిన పూల సంగతీ. అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ వింది. “అవి మన పూలు కావని నాకప్పుడే తెలుసులేవే. మన పువ్వు అంత పెద్దది కాదు, నడుమ చుక్క లేదు” అంది. మరి ఎందుకు అడగలేదమ్మా అంటే, “పండగపూట ఎందుకని ఊరుకున్నాను” అంది.

అప్పుడు అడిగాను, దొడ్డివైపు పెట్టమని ఎందుకన్నావని. రెండున్నరేళ్ల ఆలస్యంగా అడిగాను. అమ్మ చెప్పింది: “మొదట మన చామంతి వీధరుగు పక్కనే ఉండేది. మన గుమ్మం ఎదురుగా కరెంటు స్తంభానికి లైటు వేశారు చూడు, నువ్వు చిన్నదానివి. ఆ ఏడు పూయలేదు. మరుసటి ఏడూ పూయలేదు. తీసి బావి వెనక్కి మార్చాను. పూసింది. ఎందుకో నాకేం తెలుసు? పూయలేదు, మార్చాను.”

అమ్మ అయిదో తరగతి దాకా చదివింది. పూయకపోతే ముందు చోటు మార్చి చూసింది. నేను ఎమ్మెస్సీ చదివాను. పూయకపోతే మట్టిని అన్నాను, కుండీని అన్నాను, మొక్కనే అన్నాను. నాకు తెలిసిన కారణం ఒకటి ముందే ఉండటంవల్ల కళ్లముందున్నది చూడలేకపోయాను. తెలీకపోవడం తప్పని నేననుకోవడం లేదు. తెలీనిదాన్ని తెలిసినట్టు నలుగురికీ చెప్పడం తప్పు. ఆ తప్పు నాది.

హైదరాబాదు వచ్చాక నా మాట విని లైటు కింద మొక్కలు పెట్టుకున్న మూడిళ్లకూ వెళ్లాను. ఇద్దరు అప్పటికే మొక్కలు తీసేశారు. “మా చెయ్యి మంచిది కాదులెండి” అంది ఒకావిడ. కాదు, మీ చేతిలో లోపం లేదు, నేను చెప్పిందే తప్పు అని ఆవిడకు కూచోబెట్టి చెప్పాను. మూడో ఆవిడ మొక్క బతికే ఉంది. ఆ రాత్రే లైటు తీయించేశారు.

మొన్న జూన్‌లో మా పనామె దగ్గర రెండు పిలకలు అడిగి తెచ్చుకున్నాను. ఇచ్చేటప్పుడు ఆమె కూడా తడిగుడ్డలోనే చుట్టి ఇచ్చింది. ఒకటి నాకు, ఒకటి చెయ్యి మంచిది కాదనుకున్న ఆవిడకు. నాది మేడమీద నీళ్ల ట్యాంకు వెనక పెట్టాను. పగలు ఆరు గంటలు ఎండ తగులుతుంది. వీధి లైటు అటు పడదు. జులైలో ఒకసారి, ఆగస్టు మొదట్లో ఒకసారి తల గిల్లాను. నీళ్లు వేలితో మట్టి తడి చూసి మొదట్లోనే పోస్తున్నాను, ఆకు తడిస్తే మచ్చ వస్తుంది. యూరియా ముట్టుకోలేదు. రాత్రిపూట ట్యాంకులో నీళ్లు చూడటానికి వెళ్లినా టార్చి అటు తిప్పను.

అక్టోబరు మూడో వారంలో కొమ్మ చివర విడదీసి చూస్తే వేలికి ఆవగింజంత గట్టిదనం తగిలింది. ఆ పూట ఇరవై మూడు లెక్కపెట్టాను.

మీ ఇంట్లో చామంతి ఏపుగా పెరిగి కూడా మొగ్గ తొడగకపోతే, ఎరువు కొనకముందు ఒక్క పని చెయ్యండి. రాత్రి ఎనిమిదింటికి బయటికి వెళ్లి ఆ మొక్క పక్కన నిలబడండి. వరండా బల్బో, వీధి లైటో, పక్కింటివాళ్ల గేటు లైటో దానిమీద పడుతోందేమో చూడండి. పడుతుంటే కుండీని చీకట్లోకి జరపండి. మొక్కను పీకి పారెయ్యకండి.